ముఖం కనిపించని వాద్యకారిణి

అమరావతి శిల్పాలలో విల్లువలె వంగిన వీణను చూచినవారికి పాశ్చాత్యుల హార్ప్ ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు; జాతి ఒక్కటే. అయితే నేటి వాద్యబృందాలలోని హార్ప్ మనిషియెత్తు ఉంటుంది. తంతులు 47. గుర్తు కోసం ‘సి’ స్వరపు తంతులకు ఎరుపు రంగు, ‘ఎఫ్’ తంతులకు నలుపు వేస్తారు. అడుగున ఏడు స్వరాలకు ఏడు పెడళ్లు. 1810లో ఫ్రెంచి వాద్యనిర్మాత సెబాస్టియన్ ఎరార్డ్ స్థిరపరచిన ఈ ఏర్పాటువల్ల ఒక్కొక్క పెడల్ మూడు మెట్లలో నిలిచి, తన స్వరపు తంతులన్నిటి శ్రుతిని ఒక్కసారిగా మారుస్తుంది. వాయించేటప్పుడు చిటికెనవ్రేళ్లకు పని లేదు. పాదాలకు మాత్రం విశ్రాంతి ఉండదు.

ఇంత నేర్చినవారికి కచేరీలో దొరికే పని ఎంత? బెర్లియోజ్ 1830లో రచించిన ‘ఫెంటాస్టిక్ సింఫనీ’లో అయిదు భాగాలుండగా, హార్ప్ మ్రోగేది రెండవదానిలో మాత్రమే. తక్కిన కృతులలోనూ తాళావర్తాలు లెక్కపెట్టుకొంటూ కూర్చుండి, తన వంతు రాగానే తప్పక మీటవలెను. ఫిడేళ్ల వరుసలో ఒకరు తడబడితే పదిమందిలో కలిసిపోవచ్చును. ఇక్కడ కప్పిపుచ్చే తోడు లేదు.

యూరపు ఈ వాద్యాన్ని ఇండ్లలో స్త్రీలకు తగినదని చిరకాలం మెచ్చుకొన్నది. వేదిక మాట వచ్చేసరికి ఆ మెప్పు ఏమైనదో! అమెరికాలో 1930లోనే స్టొకోవ్‌స్కీ ఎడ్నా ఫిలిప్స్‌ను ఫిలడెల్ఫియా బృందానికి ప్రధాన హార్ప్ వాద్యకారిణిగా నియమించినాడు. అప్పటికి ఆమెకు ఇరవై మూడేండ్లు. వియన్నాలో కథ వేరు. 1842లో వెలసిన వియన్నా ఫిల్హార్మోనిక్ తన్ను తానే పాలించుకొనే సంఘం, సభ్యులందరూ పురుషులే. హంగరీలో పుట్టిన అన్నా లెల్కెస్ ఆ బృందంలో ఇరవై ఏండ్లకు పైగా హార్ప్ వాయించినది గాని సభ్యురాలు కాదు. నూతన సంవత్సర కచేరీని లోకమంతా టెలివిజనులో చూచేది. హార్ప్ మ్రోగినప్పుడు తెరమీద ఆమె చేతులే కనిపించేవి, ముఖం కాదు. అవే చేతులు లేకుంటే ఆ కచేరీ సాగేదా?

ఆస్ట్రియాలోను, అమెరికాలోను నిరసనలు పెరిగినవి. బృందం అమెరికా యాత్రకు బయలుదేరబోతుండగా, 1997 ఫిబ్రవరి 27న సభ్యులు ఓటు వేసి స్త్రీలను చేర్చుకొనుటకు సమ్మతించినారు. మొదటి సభ్యురాలు అన్నా లెల్కెస్. 2001లో ఆమె ఉద్యోగవిరమణ చేసినది. పూర్తి సభ్యురాలిగా వాయించినది నాలుగేండ్లు.