తెర వెలుగు ఇంకా తగ్గాలంటే?

చీకటి గదిలో ట్యాబ్ వెలుగును పూర్తిగా తగ్గించినా కళ్లు జిగేల్మంటాయి. ఎందుకు? ఎల్‌సీడీ తెర వెనకుండే ఎల్‌ఈడీ దీపాలకు తయారీలోనే ఒక కనీస స్థాయి పెడతారు. తెరను ఇంకా మసకగా చేసే ఫిల్టర్ యాప్ ఆ దీపాల జోలికి పోదు. బొమ్మ మీద పలుచని నల్లటి పొర పరుస్తుంది, చలువ కళ్లద్దాల్లాగా. వెనక దీపం అలాగే వెలుగుతుంటుంది కాబట్టి బ్యాటరీ ఆదా కాదు. ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది. అక్కడ నలుపు పెరిగితే కరెంటు ఖర్చూ తగ్గుతుంది.

ఈ యాప్‌లు మిగతా యాప్‌ల మీద కనిపించే అనుమతి అడుగుతాయి. అది చిన్న విషయం కాదు, ఇంట్లో పెద్దవాళ్లను అడిగే ఇవ్వండి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా పరికరాల సెట్టింగుల్లోనే వెలుగును ఇంకా తగ్గించే ‘ఎక్స్‌ట్రా డిమ్’ ఉంటోంది. ముందు దాన్ని వెతకండి.