విశ్రాంత జీవితమున తొలి సంవత్సరము

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 2022లో 60 నుండి 62 సంవత్సరములకు పెరిగినది. విరమించిన మరునాడు ఉపాధ్యాయునికి బడి గంట వినబడదు. ఎప్పుడు ఏమి చేయవలెనో అంతవరకు ఆ గంటయే చెప్పుచుండెను. తొలి సంవత్సరము ఊరక జారిపోవుటకు ఇది ఒక ముఖ్య కారణము.

"ఆరోగ్యము చూచుకొందును" అను సంకల్పము మాత్రమే చాలదు. ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేయవలెనో ముందే నిర్ణయించుకొన్న పనులు ఎక్కువగా నెరవేరునని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించెను. నిర్ణీత వేళ రాగానే పని దానంతటదే జ్ఞప్తికి వచ్చును. ప్రతిదినము మనస్సుతో వాదించుకొన నక్కరలేదు.

మదనపల్లెలో ఒకరు ఉదయము కాఫీ త్రాగగానే అరగంట వడిగా నడువవచ్చును. వారమునకు 5 దినములైన 150 నిమిషములగును. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన కనీస వ్యాయామమంతయే. పుంగనూరులో పొట్టి ఆవును పెంచువారు పాలు పితికిన వెంటనే కొలత వ్రాసి యుంచవచ్చును. తమిళనాడు, కర్ణాటక సరిహద్దులకు చేరువనున్న కుప్పములో రాత్రి భోజనము కాగానే కన్నడమున ఒక పుట చదువవచ్చును.

మూడు నెలలకొకసారి లెక్క చూచుకొని, సాగని పనిని తగ్గించుకొనవలెను, విడువరాదు. విద్యార్థులు సైతము వేసవి సెలవులలో ఈ పద్ధతిని పరీక్షింపవచ్చును.