ఇన్ఫెక్షన్‌లో పడిపోయే టీ3: మందు వద్దు, మళ్లీ పరీక్ష ముఖ్యం

తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో ఉన్న పసిబిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేస్తే టీ3 హార్మోను తక్కువగా రావడం తరచూ జరిగేదే. దీనికితోడు థైరాయిడ్ కూడా వచ్చిపడిందా అని తల్లిదండ్రులు బెంబేలెత్తుతారు. చాలామంది పిల్లల్లో అది థైరాయిడ్ జబ్బు కానే కాదు. థైరాయిడ్ గ్రంథి ప్రధానంగా టీ4 హార్మోనును తయారుచేస్తుంది. కాలేయం, మూత్రపిండాల వంటి అవయవాల్లో అది చురుకైన టీ3గా మారుతుంది. ఇలాంటి తీవ్ర ఇన్ఫెక్షన్‌లో, అంటే సెప్సిస్‌లో, ఈ మార్పిడి మందగించి, టీ4లో ఎక్కువ భాగం పనికిరాని రివర్స్ టీ3 అవుతుంది. జబ్బు ముదిరితే టీ4 కూడా తగ్గుతుంది. గ్రంథే చెడితే మెదడు అడుగునున్న పిట్యూటరీ, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ హార్మోనును బాగా పెంచుతుంది. ఇక్కడ అది అలా పెరగదు. జబ్బు తగ్గేకొద్దీ అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి.

టీ3 బాగా పడిపోయిన పిల్లల్లో ప్రాణాపాయం ఎక్కువ కదా, ఆ హార్మోనే ఇస్తే పోలేదా అని అడగవచ్చు. ఈ ప్రశ్న సబబైనదే. కానీ టీ3 ఎంత పడిపోయిందన్నది జబ్బు ఎంత తీవ్రంగా ఉందో చెబుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఆ తగ్గుదలేనని దాంతో తేలదు. సెప్సిస్ పిల్లలకు హార్మోను ఇస్తే బతికే అవకాశం పెరుగుతుందని రుజువు కాలేదు. పైగా ఆక్సిజన్ అవసరాన్ని, గుండె మీద భారాన్ని అది పెంచవచ్చు. కాబట్టి చికిత్స ఇన్ఫెక్షన్‌కే జరగాలి: సకాలంలో యాంటీబయాటిక్, సెలైన్, ఆక్సిజన్.

అలాగని నవజాత శిశువు రిపోర్టును పక్కన పెట్టేయకూడదు. మన దేశంలో ఇంచుమించు వెయ్యి మందిలో ఒక బిడ్డకు పుట్టుకతోనే థైరాయిడ్ లోపం ఉంటుంది. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే మెదడు ఎదుగుదలను కాపాడుకోవచ్చు, ఆలస్యమైతే జరిగిన నష్టం పూడదు. టీఎస్‌హెచ్ బాగా పెరిగి టీ4 తగ్గితే ఎదురుచూడకుండా మందు వేయాల్సిందే. చిక్కల్లా, జబ్బుపడ్డ బిడ్డలో ఈ లోపం మరుగున పడే ప్రమాదం ఉండటమే. రక్తపోటు నిలబెట్టడానికి ఎక్కించే డోపమైన్ టీఎస్‌హెచ్‌ను అణచివేస్తుంది. ఆ సమయంలో మడమ గుచ్చి తీసిన రక్తం అంతా బాగుందనే చెప్పవచ్చు. బొడ్డుకో, చర్మానికో ధారాళంగా రాసిన పోవిడోన్ అయోడిన్ దీనికి విరుద్ధంగా టీఎస్‌హెచ్‌ను తాత్కాలికంగా పెంచగలదు. కోలుకుంటున్న రోజుల్లోనూ అది కాస్త పెరుగుతుంది. అందుకే నెలలు నిండని, జబ్బుపడిన శిశువులకు రెండు నుంచి నాలుగు వారాల వయసులో రెండో పరీక్ష తప్పనిసరి.

విశాఖలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. 1923 నుంచి నడుస్తున్న కింగ్ జార్జ్ ఆసుపత్రికి నగరం నుంచే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు మన్యం నుంచి కూడా పిల్లలు వస్తారు. డిశ్చార్జి అయ్యాక ఒక్క రక్తపరీక్ష కోసం కొండ దిగి రావడమంటే ఆ కుటుంబానికి కూలీ పోతుంది, బస్సు ఖర్చవుతుంది. అందరికీ రెండోసారి పరీక్ష ఎలా సాధ్యమంటారా? ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికెళ్లి చూడాలన్న నియమం ఇప్పటికే ఉంది. డిశ్చార్జి కార్డు మీద మళ్లీ పరీక్ష తేదీ స్పష్టంగా రాసి, ఆశాకు తెలియజేసి, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రక్తం తీసి పంపితే ఆ ప్రయాణం తప్పుతుంది. ఇన్ఫెక్షన్ నుంచి బయటపడ్డ బిడ్డ మెదడును కూడా కాపాడినప్పుడే ఆ వైద్యం పూర్తయినట్టు.