వ్యాయామము – దీర్ఘాయువు

కృష్ణాడెల్టాలో కాలువగట్లకు కొదవ లేదు. వానిపై నడచు రైతులే అరుదగుచున్నారు. గుడివాడ పొలములను ట్రాక్టరు దున్నుచున్నది. పంటను యంత్రము కోసి నూర్చుచున్నది. దివిసీమలో పొరుగూరికి పోవుటకు సైతము మోటారుసైకిలు వలసియున్నది. ఈ సౌకర్యములను మేము నిందింపము. నడుము విరుగు చాకిరి తగ్గుట మేలే. కాని దానితోబాటు దేహమునకు ఆవశ్యకమగు శ్రమయు తొలగినది, తిండిమాత్రము తగ్గలేదు.

ఇందలి హాని యెట్టిదో పరిశోధకులు చూపియున్నారు. జెరెమీ మారిస్ అను వైద్యుడు లండను రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి, 1953లో తన ఫలితములను ప్రకటించెను. కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె, దినమంతయు మెట్లెక్కి దిగు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. ఇది దూరదేశపు ముచ్చట యని త్రోసివేయరాదు. మనకు పొరుగున, ఉభయగోదావరి జిల్లాలలోని 45 గ్రామముల మరణములను విచారింపగా, నూటికి 32 మరణములకు గుండె, రక్తనాళముల వ్యాధులే కారణమని 2006లో వెల్లడియైనది. పల్లెవాసమే మనకు రక్షయను నమ్మకము చెల్లదు.

గుండెయు కండరమే. క్రమముగా శ్రమించిన గుండె ఒక్కొక్క స్పందనమున ఎక్కువ రక్తమును పంపును, విశ్రాంతివేళ నాడి నెమ్మదించును, రక్తపుపోటు తగ్గును, రక్తములోని చక్కెరను కండరములు చక్కగా వినియోగించుకొనును. ఇందుకు గరిడీలు, సాములు అక్కరలేదు. వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యమశ్రమ చాలునని 2020లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించెను. ఐదుదినములు అరగంట చొప్పున చురుకుగా నడచిన ఆ నియమము నెరవేరును. మితిమీరుటయు తగదు, తన బలములో సగమువరకే వ్యాయామము చేయవలెనని సుశ్రుతుడు ఏనాడో విధించెను. నడచునపుడు ఛాతీ పట్టివేసినచో వెంటనే వైద్యుని చూడవలెను. పొగాకు మానక, ఊరగాయల ఉప్పు తగ్గింపక, నడకపైననే భారము వేయుటయు అవివేకము.

ఎండలో నాట్లు వేయు కూలీలకు మేము వ్యాయామమును బోధింపము. వారికి వలసినది విశ్రాంతి, పుష్టికరమగు తిండి, సకాలవైద్యము. మా విన్నపము అంగళ్లలో, కార్యాలయములలో, వీధియరుగులపై ప్రొద్దుపుచ్చు గృహస్థులకు. ఇంటిపెద్ద నడివయస్సున కూలినచో ఆ కుటుంబమునకు కలుగు నష్టమును ఏ పంటయు తీర్చజాలదు.

1910లో బందరున వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోబాటు చేతిపనులను నేర్పినది. చదువుకొన్నవానికి శ్రమ చిన్నతనము కాదని చాటినది. ఆ పాఠమును మనము మరల నేర్వవలెను. ఏటేట పూడిక తీయక, గట్లు కాపాడక కాలువ పారదని రైతెరుగును. తన దేహములో పారు రక్తమునకును అట్టి నిత్యసంరక్షణము వలయునని ఎరిగి, రేపటి ఉదయముననే పొలమునకు కాలినడకన బయలుదేరుగాక!