హోరులో మాట వినపడాలంటే

ఎగువన పెద్ద వానలు పడితే కట్టలేరు పొంగుతుంది. అప్పుడు వినగడప దగ్గర వాగు దాటడం కష్టం. ఇవతలి ఒడ్డున నిలబడి అవతలి ఒడ్డు మనిషిని పిలిచి చూడండి. గొంతు చించుకున్నా వినపడదు. నీటి హోరు మాటను మింగేస్తుంది.

వరదలో మనుషుల్ని గట్టెక్కించే పడవలకు ఇంకో హోరు తోడవుతుంది. అది ఇంజను హోరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లో పడవలు తిరిగాయి. ఇలాంటి పడవలో ఒకరు "తాడు వదలకండి" అంటారు. రెండోవాళ్లకు "వదలండి" అని వినపడితే ఏమవుద్ది? పట్టుకున్న మనిషి కొట్టుకుపోవచ్చు.

ఇలాంటి పనిలో ఉన్నవాళ్లకు వైర్‌లెస్ సెట్టు కావాలి. హోరు ఎక్కువైతే తలకు పెట్టుకునే హెడ్‌సెట్ కూడా కావాలి. ఈ రెండిటినీ కలపడం చిన్న పనిలాగే కనపడుతుంది. తప్పు కలిపితే మాత్రం చెవి పోవచ్చు, సెట్టు కాలిపోవచ్చు, అసలు సమయానికి మాటే పోకపోవచ్చు.

సెల్‌ఫోను ఉంది కదా, ఇదంతా ఎందుకు అని మీరు అడగొచ్చు. సెల్‌ఫోను మాట టవరు మీదుగా పోతుంది. వరదలో కరెంటు పోయి టవరు ఆగితే ఫోను మూగబోతుంది. వైర్‌లెస్ సెట్టు మాట ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు నేరుగా పోగలదు. చేతిలో పట్టుకునేది వాకీటాకీ. జీపులోనో పడవలోనో బిగించేది పెద్ద సెట్టు. అది బండి బ్యాటరీతో నడుస్తుంది. దాని మాట ఇంకా దూరం పోతుంది.

2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున ఒక బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. భారతి ప్రసాద్ అనే గృహిణి ఆ బృందాన్ని నడిపింది. అదే నెల 26న సునామీ వచ్చింది. ఫోన్లు పనిచెయ్యలేదు. ఆమె తన రేడియో సెట్టుతో అక్కడి వాళ్ల క్షేమ సమాచారం బయటికి పంపింది. అలాంటి సెట్టు వాడాలంటే పరీక్ష రాసి ప్రభుత్వ లైసెన్సు తీసుకోవాలి. ఆడవాళ్లయినా మగవాళ్లయినా రాయొచ్చు.

ఇక అసలు సంగతి. ఈ సెట్టులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం కుదరదు. సన్నటి పొలం గట్టు మీద ఒకరు వస్తుంటే ఎదుటివాళ్లు ఆగుతారు కదా, ఇదీ అంతే. సెట్టుకు ఒక బటన్ ఉంటుంది. నొక్కితే మన మాట పోతుంది. వదిలితే అవతలి మాట వస్తుంది.

కాబట్టి హెడ్‌సెట్ నుంచి సెట్టుకు మూడు పనుల వైర్లు పోవాలి. చెవికి మాట తెచ్చేవి కొన్ని. నోటి దగ్గరి మైకు నుంచి మాట తీసుకుపోయేవి కొన్ని. బటన్ నొక్కిన సంగతి సెట్టుకు చెప్పేవి కొన్ని. ఈ మూడో పనిని చాలామంది మర్చిపోతారు. బటన్ వైరు కలవకపోతే మైకులో ఎంత అరిచినా ఒక్క మాట బయటికి పోదు.

పెద్ద సెట్టుకు సాధారణంగా మైకు పెట్టే చోటు ముందు ఉంటుంది. స్పీకరు పెట్టే చోటు చాలావాటికి వెనక ఉంటుంది. మైకు ప్లగ్గులో చాలా పిన్నులు ఉంటాయి. ఏ పిన్ను ఏ పనికో ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా పెడుతుంది. రెండు ప్లగ్గులు చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా లోపలి వైర్లు వేరుగా ఉండొచ్చు. దూరింది కదా అని దూర్చకూడదు. సెట్టుతో వచ్చిన పుస్తకంలో పిన్నుల బొమ్మ ఉంటుంది. ముందు అది చూడాలి.

చెవి విషయంలో ఇంకా జాగ్రత్త. బండి సెట్టు స్పీకరు నలుగురికీ వినపడేలా చేసింది. ఆ జోరంతా నేరుగా చెవి మీదికి వస్తే గుడిలో మైకును చెవికి ఆనించినట్టే. అందుకే మధ్యలో జోరు తగ్గించే చిన్న ముక్క పెడతారు. దాన్ని రెసిస్టరు అంటారు. హెడ్‌సెట్ పెట్టుకోక ముందే సౌండు పూర్తిగా తగ్గించాలి. పెట్టుకున్నాక కొంచెం కొంచెంగా పెంచాలి. కొన్ని సెట్ల స్పీకరు వైర్లు రెండిట్లో ఏదీ బండి ఇనుముకు తగలకూడదు. తగిలితే సెట్టు లోపలి భాగం కాలిపోతుంది.

మైకుల్లోనూ రకాలున్నాయి. కొన్నిటికి సెట్టు నుంచి కాస్త కరెంటు అందాలి. కొన్నిటికి అక్కర్లేదు. జత కుదరకపోతే మాట గొణుగుడులా పోతుంది, లేదా అసలు పోదు. అప్పుడు రెండిటికీ కుదిర్చే అడాప్టరు కావాలి. హోరును తగ్గించే మైకుకు ముందూ వెనకా రంధ్రాలుంటాయి. దూరపు హోరు రెండు వైపుల నుంచీ సమానంగా తగిలి చాలావరకు తనను తానే చంపుకుంటుంది. దగ్గరి నోటి మాట ఒక వైపే గట్టిగా తగిలి నిలబడుతుంది. అందుకే ఆ మైకు పెదాలకు దగ్గరగా, సరైన వైపు తిరిగి ఉండాలి. గడ్డం కిందికి జారితే హోరుతో పాటు మన మాటా పోతుంది.

పడవలో నలుగురుంటే నలుగురికీ హెడ్‌సెట్లు ఇచ్చి ఒక పెట్టెకు కలుపుతారు. దాన్ని ఇంటర్‌కమ్ అంటారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకోవడానికి రేడియో బటన్ నొక్కక్కర్లేదు. ఆ పెట్టెను సెట్టుకు కలిపితే ఒడ్డు నుంచి వచ్చే మాట నలుగురి చెవుల్లోనూ పడుతుంది. బటన్ నొక్కినవాళ్ల మాట మాత్రమే ఒడ్డుకు పోవాలి.

ఇక్కడే పెద్ద చిక్కు వస్తుంది. బటన్ ఇరుక్కుపోయిందనుకోండి. ఆ సెట్టు పంపుతూనే ఉంటుంది, వినదు. దగ్గర్లో అదే ఛానల్ వాడేవాళ్ల మాటలకూ అడ్డం పడుతుంది. పక్క పడవ "కాపాడండి" అన్నా ఎవరికీ అందకపోవచ్చు. కొన్ని సెట్లు బటన్ లేకుండా గొంతు వినగానే పంపడం మొదలుపెడతాయి. వంటింట్లో అది బాగుంటుందేమో కానీ పడవలో కాదు. ఇంజను చప్పుడునే మాట అనుకుని పంపేస్తాయి.

అందుకే పరీక్ష ఒడ్డు మీదే చెయ్యాలి. అదీ ఇంజను ఆన్ చేసి చెయ్యాలి. నిశ్శబ్దంలో బాగా వినపడింది హోరులో వినపడకపోవచ్చు. ఒకరు సెట్టు దగ్గర ఉండాలి, ఇంకొకరు దూరంగా వాకీటాకీతో నిలబడాలి. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, "ఒకటి, రెండు, మూడు... వినపడుతోందా, ఓవర్" అనాలి. నొక్కీ నొక్కగానే మాట్లాడితే మొదటి మాట తెగిపోతుంది. "వదలకండి" లాంటి మాటలు కూడా చెప్పి చూడాలి. అవతలివాళ్లు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తర్వాత బటన్ వదిలి, సెట్టు మీద పంపుతున్నట్టు చూపే దీపం ఆరిందో లేదో చూడాలి. ఆరకపోతే పడవ కదలకూడదు.