మునిగాక ఎదగకపోవడమే మేలు

వరి నీళ్లలో పెరిగే పైరే కదా, మరి వారం రోజులు ముంపులో ఉంటే ఎందుకు కుళ్లిపోతుంది? ఓ పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. పైపైన చెప్పాలంటే, వరికి మొదళ్లు నీళ్లలో ఉంటే ఫరవాలేదు, తల మునిగితేనే ముప్పు. ఆకు కొన గాలిలో ఉన్నంతకాలం కాడలోని గాలి గదుల గుండా ప్రాణవాయువు వేళ్ల దాకా దిగుతుంది. కొన కూడా మునిగిందా, ఆ దారి మూసుకుపోతుంది.

అయితే పైరు ఊపిరాడకే చచ్చిందనుకుంటే సగమే నిజం. చాలా రకాల వరి నీళ్లలో చచ్చేది బతకాలని పడే ఆరాటం వల్ల!

మొక్కలన్నీ ఎప్పుడూ ఇథిలీన్ అనే వాయువును కొద్దికొద్దిగా వదులుతుంటాయి. పండ్లు మాగేది కూడా దీనివల్లే. మామూలుగా అది గాలిలో కలిసిపోతుంది. నీటిలో మాత్రం వాయువుల కదలిక గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మది. దాంతో వదిలిన ఇథిలీన్ మొక్కలోనే చిక్కుకుని పేరుకుపోతుంది. మునిగానని వరికి తెలిసేది ప్రధానంగా ఇలాగే. ఇథిలీన్ పెరగగానే ఎదుగుదలకు కళ్లెం వేసే ఆబ్సిసిక్ ఆమ్లం తగ్గుతుంది, సాగదీసే జిబ్బరెలిన్‌ది పైచేయి అవుతుంది. ఎలాగైనా నీటిపైకి తల ఎత్తాలని ఆకులు గబగబా సాగుతాయి.

దీనికి ఖర్చు ఎక్కణ్నుంచి? ఆకు తొడుగుల్లో దాచుకున్న పిండిపదార్థం, చక్కెరల నుంచి. బురద నీటిలో వెలుతురు అందదు, కార్బన్ డయాక్సైడ్ అందదు, కొత్త తిండి తయారు కాదు. ఉన్నదాన్ని కరిగిద్దామన్నా, ప్రాణవాయువు ఉంటే ఒక గ్లూకోజ్ అణువు నుంచి 30 దాకా వచ్చే ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) లేనప్పుడు రెండే వస్తాయి. జీతం ఆగిన నెలలోనే మేడ మీద మేడ కట్టబోయినట్టు ఉంటుంది దాని వ్యవహారం. నీరు తీశాక చేలోకి దిగి చూడండి. సన్నగా, పొడుగ్గా సాగి, పాలిపోయిన ఆకులు నిలబడే సత్తువ లేక బురదకు అతుక్కుపోయి ఉంటాయి. దుబ్బు పట్టుకుని లాగితే మొదలు మెత్తగా చేతికి ఊడొస్తుంది.

ముంపును తట్టుకోవాలంటే పొడుగు పెరగాలి అనుకోవడం సహజమే. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్‌లలోని లోతునీటి వరి రకాలు రోజుకు 20 సెంటీమీటర్లకు పైగా కూడా సాగగలవు. నెలల తరబడి నీరు నిలిచే చోట అదే సరైన ఎత్తు. పది రోజుల్లో తీసే వరదకు ఆ లెక్క తలకిందులు. ఒడిశా రైతుల ధల్‌పుట్టియా నుంచి ఏరిన ఎఫ్ఆర్ 13ఏ అనే రకం మునగగానే ఎదుగుదల ఆపేసి, నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఆ సంగతి శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా తెలుసు. కానీ దాన్ని మంచి రకాలతో సంకరం చేసినప్పుడల్లా ముంపును తట్టుకునే గుణంతో పాటు నాసిరకం గింజ, తక్కువ దిగుబడి కూడా వచ్చేవి. రైతులు వద్దన్నారు, వాళ్ల తప్పేం లేదు.

1996లో సెట్టర్, లారెలెస్ చేసిన ప్రయోగమంటే నాకు వల్లమాలిన ఇష్టం. ముంపును తట్టుకునే వరికి జిబ్బరెలిన్ ఇచ్చారు. అది సాగింది, ఎక్కువగా చచ్చింది. తట్టుకోలేని వరికి జిబ్బరెలిన్ తయారీని అడ్డుకునే పాక్లోబ్యుట్రజాల్ ఇచ్చారు. అది సాగలేదు, ఎక్కువగా బతికింది. జన్యువు ఏదో తెలియకముందే ఇంత తేటగా జవాబు రాబట్టారు!

అదే ఏడాది కెనాంగ్ షూ, డేవిడ్ మెకిల్ ఈ గుణం వరి 9వ క్రోమోజోమ్‌లో ఉందని తేల్చారు. 2006లో సబ్1ఏ జన్యువు బయటపడింది. తమాషా ఏమిటంటే దాన్ని మేల్కొలిపేదీ ఇథిలీనే. అది మేల్కొన్నాక జిబ్బరెలిన్ మాట చెల్లనివ్వని ప్రొటీన్లు పెరుగుతాయి, పిండిపదార్థం ఖర్చు తగ్గుతుంది, ఆకుపచ్చదనం నిలుస్తుంది. 2009లో జపాన్‌లోని నగోయాలో అషికారి బృందం లోతునీటి వరిని సాగదీసే స్నార్కెల్ జన్యువులను కనిపెట్టింది. అవీ సబ్1ఏ కుటుంబానివే, ఇథిలీన్‌కే స్పందిస్తాయి, చేసేది మాత్రం సరిగ్గా దీనికి వ్యతిరేకం.

సబ్1ఏ జన్యువును మొదట ఎక్కించిన రకాల్లో ఒకటి మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే ఎంటీయూ 7029. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో డీఎన్ఏ గుర్తుల సాయంతో స్వర్ణతోనే మళ్లీ మళ్లీ సంకరం చేస్తూ, కావలసిన ముక్కను మాత్రం మిగుల్చుకున్నారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు. 2009లో స్వర్ణ సబ్1 మన దేశంలో విడుదలైంది. సబ్1 పక్కనే ఉన్న మరో జన్యువు కూడా అంటుకుని రావడంతో పొట్టు బంగారు రంగు పోయి గడ్డి రంగుకు మారింది. ఒడిశా పొలాల్లో 10 రోజులు మునిగిన చోట ఇది స్వర్ణ కంటే 45 శాతం ఎక్కువ దిగుబడి ఇచ్చిందని 2013లో ఒక అధ్యయనం తేల్చింది. పల్లపు భూములు ఎక్కువగా దళిత రైతుల చేతుల్లో ఉండటం వల్ల లాభమూ వాళ్లకే ఎక్కువ చేరే వీలుందని అందులోనే ఉంది.

గోదావరి డెల్టాలో మాత్రం చిక్కులు వేరేవీ ఉన్నాయి. మోకాలి లోతు నీరు నెల రోజులు కదలకుండా నిలిస్తే సబ్1ఏ అక్కరకు రాదు. సార్వా కోతల వేళ తుపాను వచ్చి పనలు నానితే గింజ చేలోనే మొలకెత్తుతుంది. దానికి కావలసింది విత్తన సుప్తావస్థ, అది వేరే జన్యువుల పని. ఇక గుర్రపుడెక్కతో పూడుకుపోయిన మురుగు కాలువలకు ఏ జన్యువూ అక్కర్లేదు. ఊడ్పులకు ముందు ఒక పొక్లెయిన్ పంపితే చాలు.