కారు విద్యుద్దోషములు: నమ్మదగిన మరమ్మతు కొట్టు

కారు చక్రమున గాలి పోయినచో కంటికి కనబడును. నూనె కారినచో నేలమీది మరకయే చెప్పును. విద్యుత్తు అట్టిది కాదు. తీగలో దాని రాకపోకలను చూచుటకు మనకు కన్ను లేదు. కావుననే యీ మరమ్మతునందు యజమాని పనివాని మాటకు పూర్తిగా లోబడి యుండును. అతడు "బ్యాటరీ పోయినది" అన్నచో పోయినట్లే. ఇట్టి స్థితిలో ఏ కొట్టును నమ్మవలెనో నేడు విన్నవింతును.

నాకు ముఖ్యముగా దోచు పరీక్ష యొక్కటి కలదు. దోషమిది యని చెప్పినవానిని "ఎట్లు తెలిసినది?" అని యడుగుడు. "కొలిచితిని, ఇంత వచ్చినది" అనువాడు నమ్మదగినవాడు. "మార్చి చూతము" అనువాడు మీ ధనముతో ఊహ చేయువాడు. ఆయుర్వేదమున నిదానము ముందు, చికిత్స వెనుక; ఇచటను అంతే.

మా వీధిలో నొక గృహస్థుని కారు ఉదయమున కదలకుండెను. ఒక కొట్టువారు క్రొత్త బ్యాటరీ వేసిరి, కారు కదలెను. కొన్ని దినములకు మరల అదే వ్యాధి. వేఱొకరు డైనమో మార్చిరి. అప్పుడును కొన్నాళ్లు నడిచెను. కాకి వ్రాలినప్పుడు తాటిపండు రాలినంతమాత్రమున కాకియే కారణమగునా? తార్కికులు దీనినే కాకతాళీయ మందురు. మూడవవాడు మీటరు తీసి చూచెను. ఇంజను నడచుచుండగా 14 వోల్టులు వచ్చినవి, డైనమో నిర్దోషి. పిదప కారు తాళము వేసి, అరగంట యాగి, బ్యాటరీనుండి పోవు కరెంటును కొలిచెను. ఆగుట యేల యన, నేటి కార్లలోని నియంత్రణ పరికరములు తాళము వేసిన వెంటనే నిద్రింపవు. అవి నిద్రించిన పిమ్మట 50 మిల్లీ ఆంపియర్లకు మించి పోరాదు. అచట అర ఆంపియరు పోవుచుండెను! 45 ఆంపియర్-గంటల బ్యాటరీ యీ లెక్కను నాలుగు దినములలో అడుగంటును. ఒక్కొక్క ఫ్యూజే తీసి చూడగా, తరువాత అమర్చిన పాటల పెట్టె తీగను నేరుగా బ్యాటరీకి కలిపినట్లు తేలినది. ఆ తీగను మార్చి కలిపిన కూలి తప్ప వేఱు వ్యయము లేదు.

కొందఱు కంప్యూటరు పెట్టి చూచితిమందురు. మంచిదే. కాని అది చూపు సంఖ్య తీర్పు కాదు, సాక్ష్యము మాత్రమే. పి 0562 అను సంఖ్య వోల్టేజి తగ్గినదని చెప్పును; కారణము బ్యాటరీయో, డైనమోయో, తుప్పు పట్టిన ఎర్తు తీగయో చెప్పదు. బ్యాటరీలు అమ్మువానికి ప్రతిదోషమును బ్యాటరీ దోషముగనే తోచుట లోకసహజము!

ఇంకొకటి, ఇది ప్రాణములకు సంబంధించినది. 10 ఆంపియర్ల ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని 20 ఆంపియర్లది వేయువాడున్నాడు. ఫ్యూజు కాలుట వ్యాధి కాదు, రక్షణ. పెద్ద ఫ్యూజు వేసినచో అది పోకమున్నే తీగ కాలి, కారు అంటుకొనవచ్చును. అట్టి కొట్టునుండి తాళపుచెవి తీసికొని వెంటనే వచ్చివేయుడు.

విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇంజను పనివారు వేఱు, వైరింగు పనివారు వేఱు. ఇంజను మెకానిక్కు ఎంత నిపుణుడైనను వైరింగు పని వైరింగువానికే యీయవలెను. కారు వారంటీలో నున్నచో ముందు కంపెనీ సర్వీసు కేంద్రమునకే పోవుట మేలు. బయట తీగ కోసినచో వారు బాధ్యత వహింపమనవచ్చును.

మనవారు వస్తువునకు వేలు ఇత్తురు గాని, పరీక్షకు కూలి యన్నచో "చూచినందుకు డబ్బేమి?" అందురు. దొంగదోషములు గంటలకొలది వెదకినగాని దొరకవు. ఆ శ్రమకు కూలి లేనిచో పనివాడు వస్తువు మార్చియే సంపాదింపవలసి వచ్చును. పరీక్షకెంతయో, దోషము దొరకనిచో ఏమి పుచ్చుకొందురో ముందే యడిగి కాగితముపై వ్రాయించుకొనుడు. ఏదేని మార్చినచో, తీసిన పాత వస్తువును మీ చేతికిమ్మనుడు.